తక్కువ ధర మినరల్ మేకప్: డబ్బా వెనక రాసింది చదివి కొనే పద్ధతి

డబ్బా మీద ‘మినరల్’ అని రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మన దేశంలోనే కాదు, అమెరికాలో, యూరప్‌లో కూడా చట్టంలో ఆ మాటకి నిర్వచనం లేదు. మామూలు పౌడర్‌లో చిటికెడు అభ్రకం కలిపి, ఆ పేరు పెట్టి రెండింతల ధర వేసినా అడిగేవాళ్లు లేరు. ఇంకోపక్క పూర్తిగా ఖనిజాలతోనే చేసిన మంచి కాంపాక్ట్ ఒకటి, ఆ మాట ఎక్కడా రాసుకోకుండా, ఫ్యాన్సీ షాపు కింది అరలో దుమ్ము పట్టి ఉండొచ్చు. అందుకే ముందువైపు ఏం రాశారో వదిలేసి, వెనకవైపు చిన్నక్షరాలు చదవడం నేర్చుకుంటే డబ్బు మిగులుతుంది.

నాకు గూడూరులో చిన్న బ్యూటీ పార్లర్ ఉంది. పెళ్లి మేకప్‌లు ఎక్కువ చేస్తాను. డిగ్రీలో చదివిన కెమిస్ట్రీ ఉద్యోగం ఇవ్వలేదు గానీ, ఈ డబ్బాలు చదవడానికి బాగా పనికొచ్చింది. అభ్రకం మాకు కొత్తేమీ కాదు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల గనుల నుంచి, సైదాపురం వైపు నుంచి వచ్చిన అభ్రకం దేశాలు దాటి పోయేది. మా అమ్మమ్మ షెడ్డులో కూర్చుని కత్తితో దాని పొరలు విడదీసి, సైజుల వారీగా వేరు చేసేది. మా వైపు దాన్ని కాకిబంగారం అంటారు. అప్పట్లో అది కరెంటు సామాన్లలో వాడటానికి వెళ్లేది. ఇప్పుడు అదే రాయి మెత్తటి పొడిగా మారి మీ బుగ్గల మీద మెరుస్తోంది.

పార్లర్‌కి వచ్చే పిల్లలు ఫోన్ చూపించి, “అక్కా, ఇది మినరల్ అంట, కెమికల్స్ అసలు లేవంట, తీసుకోమంటావా?” అంటారు. జింక్ ఆక్సైడ్ కెమికల్ కాకపోతే ఇంకేంటమ్మా అంటాను. ఖనిజం కాబట్టి మంచిదే అనుకోవడానికి కూడా లేదు. ఇంగిలీకం ఖనిజమే, అందులో ఉండేది పాదరసం. పాతకాలపు సింధూరం సీసంతో చేసింది. కాబట్టి అడగాల్సింది మినరలా కాదా అని కాదు. ఏ మినరల్, ఎంత శుద్ధి చేసింది, మన చర్మం రంగుకి అది పనికొస్తుందా అని.

77తో మొదలయ్యే నంబర్లు

పదార్థాల పట్టికలో పేర్ల పక్కన ‘సీఐ’ (కలర్ ఇండెక్స్) అని, ఐదంకెల నంబరు ఉంటుంది. అది రంగు పదార్థాలకి ఇచ్చే అంతర్జాతీయ నంబరు. దీన్ని చదవడానికి కెమిస్ట్రీ రానక్కర్లేదు. 77తో మొదలైతే అది ఖనిజ జాతి రంగు. 75తో మొదలైతే మొక్కల నుంచో పురుగుల నుంచో తీసిన రంగు. 1, 4 లాంటి అంకెలతో మొదలైతే, ఉదాహరణకి 15850, 19140, 45410, అవి ఫ్యాక్టరీలో కార్బన్ సమ్మేళనాలతో తయారైన రంగులు. అవి ఉంటే చెడ్డవని కాదు, చాలా లిప్‌స్టిక్‌లు వాటితోనే నడుస్తాయి. కానీ ‘వంద శాతం మినరల్ బ్లష్’ అని ముందు రాసి వెనక 15850 ఉంటే, అమ్మేవాళ్లు మాట మీద నిలబడలేదని అర్థం.

గుర్తుపెట్టుకోవాల్సినవి నాలుగైదే. టైటానియం డయాక్సైడ్ 77891. జింక్ ఆక్సైడ్ 77947. అభ్రకం, అంటే మైకా, 77019. ఐరన్ ఆక్సైడ్లు మూడు: ఎరుపు 77491, పసుపు 77492, నలుపు 77499. బిస్మత్ ఆక్సీక్లోరైడ్ 77163. ఫోన్‌లో నోట్‌లా రాసి పెట్టుకోండి, షాపులో నిలబడి చూసుకోవచ్చు.

ఇక్కడ చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. పట్టికలో ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత రాస్తారని అందరికీ తెలుసు. ఒక శాతం, అంతకంటే తక్కువ ఉన్నవాటిని చివర్లో ఏ వరసలోనైనా రాయొచ్చు. కానీ రంగుల సంగతి వేరు. వాటిని పరిమాణంతో సంబంధం లేకుండా అన్నిటికంటే చివర, ‘+/-’ గుర్తు పెట్టి లేదా ‘మే కంటైన్’ (ఉండొచ్చు) అని రాసి, ఏ వరసలోనైనా ఇవ్వొచ్చు. టైటానియం డయాక్సైడ్‌నీ ఐరన్ ఆక్సైడ్లనీ రంగుల కిందే లెక్కేస్తారు కాబట్టి, పట్టిక అడుగున కనిపించే టైటానియం నిజానికి డబ్బాలో ఐదో వంతు ఉండొచ్చు. ‘చివర్లో ఉందిగా, కొంచెమే ఉంటుంది’ అనుకోకండి. పైగా ఒక కంపెనీ అన్ని షేడ్లకీ ఒకే పట్టిక అచ్చేస్తుంది. తెల్లటి షేడ్‌కీ ముదురు షేడ్‌కీ తేడా ఆ కాగితంలో దొరకదు. దాన్ని పట్టుకోవడానికి ఒక నూనె చుక్క పరీక్ష ఉంది, అది కింద చెప్తాను.

చిన్న కాంపాక్ట్ మీద ఒక్కోసారి పట్టికే కనిపించదు. అట్ట పెట్టె మీద చూడండి, కంపెనీ వెబ్‌సైట్‌లో చూడండి. అక్కడా లేకపోతే ఎంత చవకైనా నేను కొనను.

ఒంటికి పట్టే పొడి: అభ్రకం, బలపం, తెల్లమట్టి

డబ్బాలో ఎక్కువ భాగం రంగు కాదు, రంగుని మోసే పొడి. అభ్రకం పలుచటి పొరలుగా విడిపోతుంది కాబట్టి చర్మం మీద జారుతూ పరుచుకుంటుంది. బాగా మెత్తగా నూరిన, పట్టులా ఉండే రకాన్ని సెరిసైట్ అంటారు. మంచి లూజ్ ఫౌండేషన్లలో ఇదే ముందు ఉంటుంది. మెరుపు కోసం వాడే అభ్రకం వేరే రకం. దాని రేకుల మీద టైటానియం డయాక్సైడ్‌నో ఐరన్ ఆక్సైడ్‌నో సన్నటి పూతగా పూస్తారు. పూత మందం మారితే కనిపించే రంగు కూడా మారిపోతుంది. మీ ఐషాడోలో ఒకవైపు నుంచి బంగారంలా, ఇంకోవైపు నుంచి ఆకుపచ్చగా కనిపించేది అదే. ఆ పూతలో టిన్ ఆక్సైడ్ 77861 కొంచెం ఉంటుంది, చూసి కంగారు పడొద్దు.

అభ్రకం గురించి ఒక చేదు నిజం కూడా చెప్పాలి. ఝార్ఖండ్, బిహార్‌లలో మూతపడ్డ గనుల చుట్టూ పిల్లలు అభ్రకం ఏరే పని ఇంకా పూర్తిగా ఆగలేదు. 2016లో అక్కడ పిల్లలు చనిపోతున్న సంగతి విలేఖరులు బయటపెట్టారు. 2017లో కొన్ని కంపెనీలు కలిసి రెస్పాన్సిబుల్ మైకా ఇనీషియేటివ్ అనే సంస్థ పెట్టుకున్నాయి. ఇది మనసుకి కష్టంగా అనిపిస్తే సింథటిక్ ఫ్లోర్‌ఫ్లోగోపైట్ అని రాసి ఉన్నది చూడండి. అది ఫ్యాక్టరీలో చేసిన అభ్రకం. ఇంకా తెల్లగా, శుభ్రంగా ఉంటుంది, గనిలో నుంచి రాదు. ఇప్పుడు తక్కువ ధర ఐషాడోల్లో కూడా కనిపిస్తోంది. ‘అసలైన ప్రకృతి సిద్ధమైనదే కావాలి’ అని పట్టుబట్టేవాళ్లకి నేను అమ్మమ్మ వేళ్ల మీది కోతల గురించి చెప్తాను.

టాల్క్ అంటే మనకి బలపం రాయి. పలక మీద రాసిన బలపాన్ని ఎంత మెత్తగా నూరితే అంత మంచి పౌడర్. చవక కాంపాక్ట్‌ల్లో ముందుండేది ఇదే. ‘టాల్క్ లేదు’ అని గొప్పగా రాసుకునే మినరల్ కంపెనీలు ఉన్నాయి, కానీ టాల్క్ కూడా మినరలే. భయానికి కారణం వేరే ఉంది. భూమిలో టాల్క్ ఉన్నచోటే ఆస్‌బెస్టాస్ కూడా ఉండొచ్చు. శుద్ధి, పరీక్ష సరిగ్గా లేకపోతే అది కలిసే ప్రమాదం ఉంది. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం టాల్క్‌ని ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే వర్గంలో పెట్టింది. నా లెక్క ఇది: పేరున్న తయారీదారు ప్రెస్డ్ (బిళ్లలా నొక్కిన) కాంపాక్ట్‌లో టాల్క్ ఉంటే వాడతాను. గాలిలో లేచే లూజ్ పౌడర్‌లో అదే మొదటి పదార్థం అయితే పక్కన పెడతాను. చంటిపిల్లల దగ్గరకి ఏ లూజ్ పౌడర్నీ తీసుకుపోను.

కేవొలిన్ అంటే తెల్లమట్టి, చైనా క్లే. నూనె పీలుస్తుంది. నూనె మొహానికి మంచిది, పొడి చర్మం మీద మాత్రం గీతలు తేలుస్తుంది. సిలికా కూడా జిడ్డు లాగుతుంది, చర్మాన్ని నున్నగా చూపిస్తుంది. బోరాన్ నైట్రైడ్ అని చదివితే కొంచెం సంతోషించండి. అది ఖరీదైన పొడి, వెన్నలా జారుతుంది. చవక డబ్బాలో అది కనిపించిందంటే తయారీదారు శ్రద్ధ పెట్టాడని గుర్తు.

మొహం బూడిద తేలేది ఎందుకు

మన రంగువాళ్లకి మినరల్ మేకప్ మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే: వేసుకున్నాక మొహం బూడిద కొట్టినట్టు ఉంటుంది. దోషి టైటానియం డయాక్సైడ్. కాంతిని వంచి వెనక్కి కొట్టే శక్తి దానికి చాలా ఎక్కువ. ఆ శక్తిని కొలిచే వక్రీభవన గుణకం టాల్క్‌కీ అభ్రకానికీ 1.6 దగ్గర ఉంటే, టైటానియంకి రకాన్ని బట్టి 2.5 నుంచి 2.7 దాకా ఉంటుంది. జింక్ ఆక్సైడ్‌కి 2 దగ్గర. చర్మం మీది నూనెది 1.5కి కాస్త అటూ ఇటూ. దీనివల్ల ఏమవుతుందంటే, మొహానికి నూనె, చెమట పట్టగానే అభ్రకం, టాల్క్, తెల్లమట్టి అన్నీ దాదాపు మాయమైపోతాయి. టైటానియం తెలుపు మాత్రం అలాగే నిలబడుతుంది. అదే సమయంలో, అప్పటిదాకా తెల్లపొడి కప్పి ఉంచిన ఐరన్ ఆక్సైడ్ రంగులు ముదురుగా తేలుతాయి. పొద్దున సరిగ్గా ఉన్న షేడ్ మధ్యాహ్నానికి మారిపోయిందంటే కారణం ఇదే. చాలావరకు ‘ఆక్సిడైజ్ అయింది’, అంటే గాలి తగిలి రంగు మారింది, అనేది ఒట్టిమాట. ఐరన్ ఆక్సైడ్ ఇంకేం ఆక్సిడైజ్ అవుతుంది, అదివరకే అయ్యే ఉంది.

ఇప్పుడు నూనె చుక్క పరీక్ష. స్టీలు పళ్లెం మీద చిటికెడు పౌడర్ వేసి, ఒక చుక్క కొబ్బరినూనె వేసి, వేలితో బాగా నలపండి. రంగుని మోసే పొడులు కంటికి కనపడకుండా పోయి అసలు రంగు బయటపడుతుంది. ముద్ద పాలమీగడలా తెల్లగా, పళ్లెం కనపడకుండా కప్పేస్తే టైటానియం దండిగా ఉంది. కప్పే గుణం ఎక్కువ, చామనఛాయ మీద బూడిద తేలే గుణం కూడా ఎక్కువ. ముద్ద పలుచగా, తేనెరంగులోనో ఇటుకరంగులోనో ఉండి కింద పళ్లెం మెరుస్తుంటే టైటానియం తక్కువ. మనకి ఎక్కువగా పనికొచ్చేది ఈ రెండోది. షాపులో టెస్టర్ ఉంటే కాస్త కాగితంలో తెచ్చుకుని ఇంట్లో చేసి చూడండి.

షేడ్ పరీక్ష చేతి మీద చేయకండి. మనలో చాలామందికి చేతులది ఒక రంగు, మొహానిది ఇంకో రంగు, నుదురు, నోటి చుట్టూ మరో రంగు. దవడ ఎముక మీద మెడదాకా గీత గీసి, గుమ్మం దగ్గరి వెలుతురులో చూడండి. షాపులో ట్యూబులైటు కింద చూసింది లెక్కలోకి రాదు. గంట ఆగి, కొంచెం చెమట పట్టాక మళ్లీ చూడండి. మూడు షేడ్లు కలిసిపోతున్నట్టుంటే, గులాబీ మొగ్గే దాన్ని కాదు, పసుపు మొగ్గే దాన్ని తీసుకోండి. మన చర్మంలో చాలామందికి అడుగున పసుపు, ఆలివ్ ఛాయ ఉంటుంది. గులాబీ పౌడర్ దాని మీద సుద్దలా కనిపిస్తుంది.

పెళ్లికూతుళ్లకి ఇంకో పరీక్ష తప్పనిసరి. ఫ్లాష్ వేసి ఫొటో తీయండి. సిలికా, టైటానియం, జింక్ ఎక్కువైతే ఫ్లాష్ వెలుగు వెనక్కి కొడుతుంది. అద్దంలో బాగున్న మొహం ఆల్బంలో తెల్లటి ముసుగులా పడుతుంది. ముఖ్యంగా ‘హెచ్‌డీ’ అని అమ్మే పౌడర్లలో కొన్ని మొత్తం సిలికాయే. కళ్ల కింద గట్టిగా అద్దితే తలంబ్రాల ఫొటోల్లో రెండు తెల్ల అర్ధచంద్రాలు తేలతాయి. చీర కట్టకముందే ఫ్లాష్ పరీక్ష అయిపోవాలని నా పట్టు. ఆ తర్వాత దిద్దడానికి ఎవరికీ ఓపిక ఉండదు.

మూడు తుప్పులు

ఎరుపు, పసుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్లు (ఇనప తుప్పు జాతివే), పైన చెప్పిన టైటానియం తెలుపు: ఈ నాలుగూ కలిపితే లోకంలో ఉన్న చర్మం రంగులన్నీ దాదాపు వచ్చేస్తాయి. మన గడపలకి, మట్టిగోడలకి పూసే జాజులో ఉండే ఎరుపు కూడా ఐరన్ ఆక్సైడే. అలాగని భూమిలోంచి తవ్విన జాజు మొహానికి వాడకూడదు. తవ్విన మట్టిలో సీసం, ఆర్సెనిక్ లాంటివి కలిసి రావచ్చు. అందుకే సౌందర్య సాధనాల్లో వాడే ఐరన్ ఆక్సైడ్లని ఫ్యాక్టరీలో తయారు చేస్తారు. అమెరికా నిబంధన అయితే ఆర్సెనిక్ పది లక్షల భాగాల్లో 3 భాగాలు, సీసం 10 భాగాలు దాటకూడదంటుంది. అంటే మినరల్ మేకప్‌లో ‘ప్రకృతి నుంచి నేరుగా’ అనే మాట, రంగుల విషయంలో, నిజం కాకపోవడమే మనకి మంచిది.

“అయితే గచ్చుకి వేసే రెడ్ ఆక్సైడ్ కొద్దిగా కలుపుకుంటే చవకే కదా” అని ఒకామె అడిగింది. పదార్థం ఒకటే, శుద్ధి ఒకటి కాదు. గచ్చు రంగుకి సీసం ఎంతుందో ఎవరూ చూడరు. రెజిన్ పనులకి, కొవ్వొత్తులకి అమ్మే మెరుపు పొడులు కూడా అంతే, కాస్మెటిక్ గ్రేడ్ అని రాసి ఉంటే తప్ప మొహం దాకా రానీయకండి. ఇక మిక్సీలో ఇంటి ఫౌండేషన్ తయారుచేసే వీడియోలు చాలానే ఉన్నాయి. రంగు ముద్దలు పూర్తిగా విడిపోక చారలు పడతాయి, పైగా ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంట్లో మీరు చేసుకోదగ్గ కలపడం ఒక్కటే: ఒకే కంపెనీవి పక్కపక్క షేడ్లు రెండు కొని, చలికాలానికి లేతది ఎక్కువ, ఎండాకాలానికి ముదురుది ఎక్కువ కలుపుకోవడం. లిక్విడ్ కంటే పౌడర్‌తో ఇది చాలా తేలిక.

ఐరన్ ఆక్సైడ్లతో ఇంకో లాభం ఉంది. మంగు మచ్చలు ఎండలోని అల్ట్రావయొలెట్ వల్లే కాదు, కంటికి కనిపించే వెలుతురు వల్ల కూడా ముదురుతాయి, ముఖ్యంగా మన రంగు చర్మంలో. మామూలు తెల్ల సన్‌స్క్రీన్ ఆ వెలుతురుని పెద్దగా ఆపదు. ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్, దాని మీద ముదురు మినరల్ ఫౌండేషన్ కొంత ఆపుతాయి. మంగు ఉన్నవాళ్లకి చర్మ డాక్టర్లు టింటెడ్ సన్‌స్క్రీన్ రాసేది అందుకే.

కానీ ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే ఎస్‌పీఎఫ్ నంబరు పౌడర్ డబ్బా మీద చూసి సన్‌స్క్రీన్ మానేయొద్దు. ఆ నంబరు కొలిచేటప్పుడు చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు పూస్తారు. మొహం మొత్తానికి లెక్క వేస్తే గ్రాము పైనే. 8 గ్రాముల డబ్బా వారానికే అయిపోవాలి. అంత పౌడర్ వేసుకుని బయటికి వస్తే పిల్లలు జడుసుకుంటారు. మనం వేసుకునేది అందులో చిన్న భాగం, రక్షణా అంతే చిన్నది. సన్‌స్క్రీన్ కింద, పౌడర్ పైన.

దురద పెట్టే మెరుపు

1995లో అమెరికాలో బేర్‌మినరల్స్ వచ్చాకే ఈ లూజ్ పౌడర్ ఫౌండేషన్ గాలి బాగా వీచింది. అందులో పదార్థాలు ఐదే: టైటానియం, జింక్, అభ్రకం, ఐరన్ ఆక్సైడ్లు, బిస్మత్ ఆక్సీక్లోరైడ్. ఆ ఐదోదే కొందరికి పడదు. బిస్మత్ సీసం, రాగి శుద్ధి చేసేటప్పుడు పక్కన వచ్చే లోహం. దాని నుంచి తయారుచేసే ఈ తెల్లపొడి ముత్యంలా మెరుస్తుంది, చర్మానికి బాగా అతుక్కుంటుంది. చెమట పట్టినప్పుడు కొందరికి మాత్రం సూదులు గుచ్చినట్టు దురద. మా ఊరి మే నెలలో ఆ ‘కొందరు’ చాలామందే అవుతారు. పైగా ఆ మెరుపు గుంటలు, మొటిమల మచ్చలు ఎత్తి చూపిస్తుంది. ఏసీ ఆఫీసు, నున్నటి చర్మం ఉన్నవాళ్లకి బాగుంటుంది. మిగతావాళ్లు 77163 కనిపిస్తే వదిలేయండి. మొటిమలు, ఎర్రదనం ఉన్నవాళ్లు జింక్ ఆక్సైడ్ ముందున్నది చూసుకోవాలి. జింక్ చర్మాన్ని శాంతపరుస్తుంది. చెమటకాయలకి పూసే కాలమైన్ గులాబీ రంగులో ఉండేది జింక్ సమ్మేళనంలో చిటికెడు ఐరన్ ఆక్సైడ్ కలవడం వల్లే. అంటే మన ఇళ్లలో మినరల్ మేకప్ ఎప్పటినుంచో ఉంది, మందుల డబ్బాలో.

దురదకి ఇంకో కారణం, బిస్మత్ కంటే ఎక్కువసార్లు నేను చూసింది, సువాసన. పట్టికలో ‘పర్‌ఫ్యూమ్’, ‘ఫ్రాగ్రెన్స్’ అని ఉంటుంది. ఖనిజాలకి వాసన ఉండదు, దాన్ని కలపాల్సిన అవసరమూ లేదు. మెగ్నీషియం స్టియరేట్, జింక్ స్టియరేట్, డైమెథికోన్ లాంటివి పొడిని అంటుకునేలా చేయడానికి, కాంపాక్ట్‌గా నొక్కడానికి వాడేవి, హాని లేదు. స్టియరేట్ తాటి జాతి నూనె నుంచి వస్తుంది, జంతువుల కొవ్వు నుంచి కూడా రావచ్చు. పట్టింపు ఉన్నవాళ్లు వీగన్ గుర్తు చూసుకోవాలి.

అలాంటివాళ్లే 75470 కూడా గుర్తుపెట్టుకోవాలి. అది కార్మైన్. పురుగుల్ని ఎండబెట్టి తీసే ఎరుపు. ‘మినరల్ బ్లష్’ అనే డబ్బాల్లో తరచూ ఉంటుంది, ఎందుకంటే ఖనిజాల్లో మంచి గులాబీ ఎరుపు దొరకదు. ఐరన్ ఆక్సైడ్ ఎంత చేసినా ఇటుక రంగుకే వెళ్తుంది.

ఐషాడో తడిపి పెదాలకి పూసుకునే అలవాటు కాలేజీ పిల్లల్లో చూస్తున్నాను. నీలం రంగు అల్ట్రామెరీన్ 77007, ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడ్ 77288 కళ్ల దగ్గర వాడొచ్చు గానీ, అమెరికాలో పెదాలకి అనుమతి లేదు. పెదాల మీద వేసింది సగం కడుపులోకే పోతుంది. లిప్ కలర్ అని అమ్మిందే పెదాలకి వాడండి.

ధర లెక్క

డబ్బా ధర చూడకండి, గ్రాము ధర చూడండి. 800 రూపాయల 8 గ్రాముల జాడీ గ్రాము వంద పడుతుంది. 350 రూపాయల కాంపాక్ట్ 9 గ్రాములుంటే గ్రాము నలభైలోపే. జాడీ ఎత్తుగా ఉండి లోపల సగమే నింపడం ఈ వ్యాపారంలో మామూలే, బరువు ఎంతో చిన్నగా రాసి ఉంటుంది. రెండిటి వెనకా ఒకే పదార్థాలు, ఒకే వరసలో ఉంటే, మిగతా డబ్బు అద్దానికీ మూతకీ పోతుందని అనుకోవచ్చు. అయితే అన్నిసార్లూ కాదు. ఎంత మెత్తగా నూరారు, రంగు రేణువులకి పూత వేశారా అన్నది పట్టికలో కనపడదు. రెండు వేళ్ల మధ్య నలిపి చూడండి. గరుకు తగిలితే వద్దు.

డబ్బు పెట్టాల్సింది బ్రష్ మీద. వెంట్రుకలు దట్టంగా ఉన్న, తల చదునుగా ఉన్న బ్రష్ ఒకటి ఉంటే చవక పౌడర్ కూడా చర్మంలో కలిసిపోతుంది. పల్చటి బ్రష్‌తో ఖరీదైన పౌడర్ కూడా పైపైనే తేలుతుంది.

చవకలో నకిలీ సరుకు భయం నిజమే. తయారీదారు చిరునామా, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, వాడాల్సిన గడువు ఉన్నాయా చూడండి. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. సంతలో, బండి మీద పేరున్న బ్రాండు సగం ధరకి దొరికితే అది ఆ బ్రాండు కాదు.

వేసుకునే తీరు

మొహం కడుక్కుని, క్రీము, సన్‌స్క్రీన్ రాసి, పది నిమిషాలు ఆగండి. తడి మీద పౌడర్ వేస్తే మచ్చలు మచ్చలుగా పట్టేస్తుంది. మూతలోకి చిటికెడు మాత్రం ఒంపండి. బ్రష్‌ని మూతలో గుండ్రంగా తిప్పి, అంచు మీద ఒకసారి కొట్టి, ఎక్కువైంది రాల్చేసి, అప్పుడు మొహం మీద చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దండి. రెండు పలుచటి పొరలు ఒక మందపాటి పొర కంటే ఎప్పుడూ బాగుంటాయి. కళ్ల కింద బ్రష్‌లో మిగిలిందే చాలు. పౌడర్ లేచేటప్పుడు ఊపిరి బిగబట్టండి, ఫ్యాన్ ఆపండి. టైటానియం పొడిని పీల్చడం మంచిది కాదని, చర్మానికి రాస్తే కాదు, పీలిస్తేనే, పైన చెప్పిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2006 నుంచీ చెప్తోంది. ఆస్తమా ఉన్నవాళ్లకి లూజ్ పౌడర్ నేను వేయను, ప్రెస్డ్‌దే.

కొత్త డబ్బా కొంటే చెవి వెనక రెండు రోజులు రాసి చూడండి. దురద రాకపోతే మొహానికి.

నీళ్లు లేని పొడి కాబట్టి సూక్ష్మక్రిములు అంత తేలిగ్గా పెరగవు, అందుకే వీటిలో ప్రిజర్వేటివ్ తక్కువ, ఒక్కోసారి అసలు ఉండదు. ఆ సుగుణం తడి బ్రష్ ముంచనంతవరకే. బ్రష్‌ని వారానికోసారి షాంపూతో కడిగి, వెంట్రుకలు కిందికి ఉండేలా వేలాడదీసి, రాత్రంతా ఆరనివ్వండి. తెరిచిన మూత బొమ్మలో 12 అని ఉంటే తెరిచాక ఏడాది, 24 అని ఉంటే రెండేళ్లు. డబ్బా బాత్రూంలో పెట్టకండి. ఉండ కట్టినా, మూత తీయగానే ముక్కవాసన వచ్చినా, ఎంత మిగిలి ఉన్నా పారేయండి.